నెల్లూరులో ఇల్లు కొనేవాళ్లు ఫోన్‌లో ఎక్కడ వెతకాలి? యాప్‌లు, యూట్యూబ్, బ్రోకరు వాట్సాప్: ఏది దేనికి పనికొస్తుంది

మేము నెల్లూరులో ఇల్లు వెతకడం మొదలుపెట్టింది ఎండాకాలం సెలవుల్లో. రిజిస్ట్రేషన్ చేయించుకుంది మాఘమాసంలో. ఆ తొమ్మిది నెలలూ రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో జరిగిన పని ఒకటే. ఆయన ఫోన్‌లో ఒక యాప్, నా ఫోన్‌లో ఇంకోటి, మధ్యలో పిల్లవాడి పాత నోటుబుక్కు. ఫోన్‌లో ఎన్ని ఇళ్లు చూశామో లెక్కలేదు. బండేసుకుని వెళ్లి చూసినవి మాత్రం ఇరవై మూడు. ఆ నోటుబుక్కు ఇప్పుడు తిరగేస్తే, అందులో పదకొండు ఇళ్లకు అసలు వెళ్లనక్కర్లేదు. మేము వాటిని వద్దనుకున్న కారణాలన్నీ ఫోన్‌లోనే కనబడేవి. ఎక్కడ చూడాలో తెలియక వెళ్లాం.

అందుకే ఇది రాస్తున్నాను. ఇల్లు నచ్చడమనేది గడప తొక్కాకే తేలుతుంది. ఏ గడపకు వెళ్లక్కర్లేదో తేల్చడానికి ఫోన్‌ను మించింది లేదు. దారులు నాలుగైదు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో పనికి వస్తుంది.

పెద్ద యాప్‌లు

నైంటీనైన్ ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, హౌసింగ్ డాట్ కామ్ లాంటివి. బడ్జెట్, బెడ్‌రూములు, ఫ్లాటా ఇండివిడ్యువల్ ఇల్లా అని నొక్కితే మిగతావన్నీ పక్కకు పోతాయి. ఫ్లాటు కావాలనుకునేవాళ్లకు, ఊళ్లో లేకుండా బెంగళూరులోనో చెన్నైలోనో కూర్చుని వెతికేవాళ్లకు మొదటి నెల ఇవే చాలు. మాగుంట లేఅవుట్‌లో ఎంత, వేదాయపాలెంలో ఎంత, ధనలక్ష్మీపురం వైపు ఎంత అన్న అంచనా నాలుగు రాత్రుల్లో వచ్చేస్తుంది.

అయితే మహానగరాల్లో ఈ యాప్‌లలో ఉండే సందడి మన ఊళ్లో ఉండదు. ఇక్కడ ఎక్కువగా కనబడేవి కొత్త ఫ్లాట్లు, లేఅవుట్ ప్లాట్లు. మూలాపేటలోనో ఫతేఖాన్‌పేటలోనో ముప్పై ఏళ్ల నాటి మిద్దె, వెనక కొబ్బరిచెట్టు ఉన్న ఇల్లు అమ్మాలనుకున్న పెద్దాయన దాన్ని ఫోటోలు తీసి యాప్‌లో పెట్టడు. పక్కింటివాళ్ల చెవిన వేస్తాడు, తెలిసిన బ్రోకరుకు చెబుతాడు. మీకు కావాల్సింది అలాంటి ఇల్లయితే ఈ యాప్‌ల మీద నెలకు మించి కాలం పెట్టొద్దు.

ఇంకో సంగతి. ఒకే ఇంటిని ముగ్గురు పెడతారు. పచ్చరంగు తులసికోట ఉన్న ఒక ఇల్లు నాకు 62 లక్షలకు ఒకచోట, 65కు ఒకచోట, 68కి ఇంకోచోట కనబడింది. ఫోటోలు వేరు, తీసిన కోణం వేరు, తులసికోట ఒకటే. ఇలాంటివి కనబడితే విసుక్కోకండి. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో అవే చెబుతాయి. ప్రకటన పెట్టిన తేదీ కూడా చూడండి. ఆరు నెలల నాటిదైతే ఆ ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయి ఉండొచ్చు, లేదా ఎవరూ కొనకపోవడానికి ఏదో కారణం ఉండొచ్చు. రెండూ అడిగి తెలుసుకోవాల్సినవే.

మ్యాప్‌లో గుర్తు ఎక్కడుందో చూసి మురిసిపోకండి. పెట్టినవాళ్లు ఏరియా పేరు మాత్రమే ఇస్తే గుర్తు ఆ ఏరియా నడిబొడ్డున పడుతుంది. అసలు ఇల్లు అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు ఉండొచ్చు. ఫోన్ చేసి మొదట అడగాల్సింది ధర కాదు, లొకేషన్. అది పంపనివాళ్లతో మాటలు పొడిగించనక్కర్లేదు. ఇక మీ నంబరు ఒక్కసారి ఇచ్చారంటే ఫోన్లు ఆగవు. ఇంట్లో వాడని రెండో సిమ్ ఏదైనా ఉంటే దానితో రిజిస్టర్ అవ్వండి. నేను స్కూలు గ్రూపుల్లో ఉన్న నంబరు ఇచ్చి, మూడు నెలలు క్లాసు మధ్యలో ఫోన్లు కట్ చేస్తూ గడిపాను.

అంకణాల లెక్క

నెల్లూరులో ఇల్లు వెతికేవాళ్లు యాప్ తెరిచే ముందు నేర్చుకోవాల్సింది ఇదొక్కటే అంటాను. యాప్‌లు చదరపు గజాల్లో, చదరపు అడుగుల్లో మాట్లాడతాయి. మన ఊళ్లో స్థలం అంకణాల్లో మాట్లాడతారు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి వైపు అంకణం అంటే 36 అడుగులే. అక్కడి బంధువులు చెప్పే ధరతో ఇక్కడి ధర పోల్చారంటే సగానికి సగం తేడా వస్తుంది. సెంటు 48.4 గజాలు కాబట్టి, సెంటుకు ఆరు అంకణాలు, ఆ పైన కొద్దిగా.

ఎవరైనా అంకణం 1,20,000 అన్నారనుకోండి. ఎనిమిదితో భాగిస్తే గజం 15,000. యాప్‌లో అదే వీధిలో గజం 18,000 అని కనబడితే ఎక్కడో తేడా ఉంది, అడగాలి. ఇరవై అంకణాల ఇల్లంటే 160 గజాలు. ఐదు సెంట్లంటే 242 గజాలు, ముప్పై అంకణాల పైచిలుకు. ఈ నాలుగు లెక్కలు నోటికి వచ్చేస్తే బ్రోకరుతో మాట్లాడేటప్పుడు కాలిక్యులేటర్ తీయక్కర్లేదు.

ఇందులోనే ఒక అవకాశం కూడా ఉంది. ఒక రాత్రి నాకు '24 గజాల్లో డూప్లెక్స్' అనే ప్రకటన కనబడింది. ఇరవై నాలుగు గజాల్లో డూప్లెక్స్ ఎలా కడతారు? అది 24 అంకణాలు. యాప్‌లో అంకణం అనే కొలత దొరక్క, పెట్టినాయన గజాలు అని నొక్కేశాడు. అసలు స్థలం 192 గజాలు. 150 గజాలకు పైన అని వడపోత పెట్టుకున్నవాళ్లెవరికీ ఆ ఇల్లు కనబడదు. నేను ఆ వడపోత తీసేసి వెతకడం వల్లే కనబడింది. వెళ్లి చూశాం, చాలా మంచి ఇల్లు. మా బడ్జెట్ దాటింది కాబట్టి వదిలేశాం. విస్తీర్ణం వడపోత మాత్రం నెల్లూరు వరకు పెట్టకపోవడమే మేలు.

ఫ్లాట్ల విషయంలో చదరపు అడుగుల్లోనే తేడా ఉంటుంది. ప్రకటనలో 1,300 అడుగులంటే అందులో మెట్లు, లిఫ్టు, వరండా వాటా కూడా కలిసి ఉంటుంది. అడగాల్సింది కార్పెట్ ఏరియా (గోడల లోపల మనం వాడుకునే చోటు) ఎంత, స్థలంలో అన్‌డివైడెడ్ షేర్ (మన ఫ్లాటు వంతుకు వచ్చే వాటా) ఎన్ని అంకణాలు అని. ఈ రెండూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపమనండి.

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్

ఓనర్లు నేరుగా పెట్టేవి ఇక్కడ కాస్త ఎక్కువ. ధర కూడా కమీషన్ కలపకుండా ఉంటుంది. కానీ పెట్టేది ఎవరో తెలియదు. ఇల్లు చూడకముందే టోకెన్ అడ్వాన్సు పంపమన్నా, వేరే ఊళ్లో ఉన్నాను తాళాలు కొరియర్ చేస్తానన్నా అక్కడితో ఆపేయండి. డబ్బు వెనక్కి పంపుతామంటూ కోడ్ పంపినా నమ్మకండి. డబ్బు మనకు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అంతకు మించి ఈ దారి గురించి చెప్పేది లేదు. వారానికోసారి చూస్తే సరిపోతుంది.

వీడియోలు

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నెల్లూరు ఇళ్ల వీడియోలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫోటోల కన్నా వీడియో వెయ్యి రెట్లు నయం, చూడటం తెలిస్తే. తీసేవాళ్లు ఫాల్స్ సీలింగ్ మీద, టీవీ యూనిట్ మీద కెమెరా తిప్పుతారు. మనం చూడాల్సింది వాళ్లు పట్టించుకోకుండా దాటేసిన చోట్లు.

మొదటిది గేటు దగ్గర. వీడియో అక్కడ ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూడండి. రోడ్డు మీంచి ఇంట్లోకి మెట్లు ఎక్కుతున్నారా, దిగుతున్నారా? మన ఊళ్లో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు. పాత ఇళ్లు చాలావాటికి రోడ్డు ఎత్తయింది, ఇల్లు పల్లమైంది. గేటు లోపల చిన్న ర్యాంపు కిందికి వాలి ఉందంటే, కార్తీకమాసం వానల్లో వీధి నీళ్లన్నీ ఆ వాలునే వస్తాయి. మేము వెళ్లి వద్దనుకున్న పదకొండులో నాలుగు ఇళ్లు ఇవే.

రెండోది బాత్‌రూమ్ కుళాయి. కుళాయి చుట్టూ, టైల్స్ మీద తెల్లటి పొర కట్టి ఉందంటే బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఉప్పు కూడా కావచ్చు. ఊరికి తూర్పున, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఇది బాగా చూసుకోవాలి. ఎంత శుభ్రంగా కడిగి వీడియో తీసినా కుళాయి మెడ దగ్గర ఆ తెలుపు అంత తేలిగ్గా పోదు.

మూడోది గోడ అడుగు. నేల నుంచి రెండడుగుల వరకు ఒక రంగు, ఆ పైన ఇంకో రంగు కొత్తగా వేసి ఉంటే అలంకారం కోసం వేశారా, చెమ్మ కనబడకుండా వేశారా అని అడగాలి. ఇక పాట తీసేసిన అసలు వీడియో పంపమని అడగండి. పాట వెనక రైలు కూత ఉండొచ్చు, మిల్లు మోత ఉండొచ్చు.

బ్రోకరు వాట్సాప్

మాకు ఇల్లు దొరికింది ఇక్కడే, ఒక బ్రోకరు స్టేటస్‌లో. ఇండివిడ్యువల్ ఇళ్లు, పాత ఇళ్లు, పోర్షన్ అద్దె వచ్చే జీ ప్లస్ వన్ (కింద ఇల్లు, పైన ఒక అంతస్తు) ఇళ్లు కావాలనుకునేవాళ్లకు నెల్లూరులో ఇంతకు మించిన దారి లేదు. బ్రోకరు నంబరు సేవ్ చేసుకుంటేనే స్టేటస్ కనబడుతుంది, ఆయన కూడా మన నంబరు సేవ్ చేసుకోవాలి. కాబట్టి ముందు ఒకసారి మాట్లాడి, పేరు చెప్పి సేవ్ చేసుకోమనండి. ఇరవై నాలుగు గంటల్లో స్టేటస్ పోతుంది, అందుకే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూడటం అలవాటు చేసుకున్నాను.

ఎంతమంది బ్రోకర్లు? మేము మొదట పన్నెండు మందికి చెప్పాం. అది పొరపాటు. అవే ఇళ్లు తిప్పి తిప్పి పంపారు, ఎవరు ముందు చూపించారన్న తగువు కూడా వచ్చింది. ఏరియాకు ఒక్కరు చాలు. పొదలకూరు రోడ్డుకు ఒకరు, వేదాయపాలెం వైపుకు ఒకరు, స్టోన్‌హౌస్‌పేట, మైపాడు రోడ్డు వైపుకు ఒకరు. అడిగేది కూడా స్పష్టంగా రాసి పంపండి. నేను పంపిన మెసేజ్ ఇది: 'అన్నా, ఇండివిడ్యువల్, 18 నుంచి 25 అంకణాలు, ఈస్ట్ లేదా నార్త్ ఫేసింగ్, మెట్లు దిగే ఇల్లు వద్దు, కారు వచ్చే రోడ్డు, బ్యాంకు లోన్ వచ్చే పేపర్లు. లొకేషన్, గేటు ఫోటో, కుళాయి ఫోటో పంపితేనే వచ్చి చూస్తాం.' కుళాయి ఫోటో ఎందుకమ్మా అని ఒకాయన ఫోన్ చేసి అడిగాడు. చెప్పాక, ఆయనే ఇప్పుడు అందరికీ పంపుతున్నాడట.

కమీషన్ ఒక శాతమా, రెండు శాతమా, ఎప్పుడు ఇవ్వాలి అన్నది మొదటి ఇల్లు చూడకముందే మెసేజ్‌లో తేల్చుకోండి. మంచి బ్రోకరు దానికి నొచ్చుకోడు. మాకు ఇల్లు చూపించినాయన పేపర్లలో ఒక లింకు డాక్యుమెంటు (పాత ఓనర్ల నాటి దస్తావేజు) తక్కువుందని తనే చెప్పి, అది వచ్చేదాకా టోకెన్ ఇవ్వొద్దన్నాడు. అలాంటి మనిషికి ఇచ్చే కమీషన్ దండగ కాదు.

దిక్కు గురించి ఒక మాట. ఫోన్‌లో దిక్సూచి చూసేటప్పుడు ఇనుప గేటు దగ్గర నిలబడకండి, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ తీసేయండి. రోడ్డు మధ్యకొచ్చి చూడండి. ఈస్ట్ ఫేసింగ్ అని చెప్పి ఎక్కువ ధర అడిగిన ఇల్లు ఆగ్నేయానికి తిరిగి ఉండటం మేము చూశాం.

మ్యాపు, వరద

లొకేషన్ చేతికొచ్చాక చేయాల్సిన అసలు పని ఇది. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగినప్పుడు భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగి రాకపోకలు ఆగిపోయాయి. ఆ వీడియోలు ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉన్నాయి. మీరు చూస్తున్న కాలనీ పేరు, పక్కన 'వరద 2021' అని కొట్టండి. ఏ వీధిలో ఎంత లోతు నీళ్లు నిలిచాయో, ఏ బడి గోడ దాకా వచ్చాయో కళ్లారా కనబడుతుంది. 2015 వానలకు కూడా ఇలాగే వెతకండి. అమ్మేవాళ్లు ఇది చెప్పరు, ఎదురింటివాళ్లు మొహమాటపడతారు.

గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి కాలువలు చూడండి. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ ఊరి మధ్య నుంచే పోతాయి. వాటికి ఎంత దూరమో, ఇంటికీ కాలువకూ మధ్య ఏముందో తెలుస్తుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా వస్తాయి. పదిహేనేళ్ల కిందట అక్కడ మడి ఉందా, గుంట ఉందా, పంటకాలువ పోయిందా చూడొచ్చు. మేము ఇష్టపడిన ఒక లేఅవుట్‌లో పాత చిత్రంలో వానాకాలం నీళ్లు నిలిచిన మరక స్పష్టంగా ఉంది. ఎండాకాలంలో వెళ్తే చక్కటి రోడ్లు, మొక్కలు.

మన జిల్లాకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఎండాకాలంలో నచ్చిన ఇళ్ల లొకేషన్లన్నీ మ్యాప్స్‌లో ఒక జాబితాగా సేవ్ చేసి పెట్టుకుని, మొదటి పెద్దవాన వెలిసిన సాయంత్రం వరసగా ఒక చుట్టు తిరిగి రండి. మేము అలా ఆరు ఇళ్ల ముందుకు వెళ్తే రెండిటి వీధుల్లోకి బండి పోలేదు.

టోకెన్ ఇచ్చే ముందు ప్రభుత్వ సైట్లు

ఇక్కడ మిగతావాటితో పోలిక లేదు. ఏ దారిలో ఇల్లు దొరికినా ఇక్కడికి రావాల్సిందే. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా చూడొచ్చు. దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు కావాలి, అందుకే ఓనరును ఆ మూడూ అడగాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలే వస్తాయి, అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకు వెళ్లాలి. అదే సైట్‌లో 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా ఉంటుంది. సర్వే నంబరు కొట్టి చూడండి. ఊరు పెరిగి పక్క పల్లెల భూముల్లోకి వెళ్లింది కాబట్టి డీకేటీ పట్టా భూముల (ప్రభుత్వం పేదలకిచ్చినవి) మీద, చుక్కల భూముల (పాత రికార్డుల్లో ఓనరు పేరు బదులు చుక్కలున్నవి) మీద కట్టిన ఇళ్లు తగలొచ్చు. జాబితాలో నంబరు కనబడితే ఇల్లు ఎంత ముద్దొచ్చినా ఆగండి, లాయరును అడగండి.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. అన్నదమ్ముల కోర్టు గొడవలు అందులో కనబడవు. దానికి ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో ఓనరు పేరుతో వెతకండి. కొత్త అపార్ట్‌మెంటయితే ఏపీ రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) సైట్. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 75 అంకణాలు దాటినా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నా ప్రాజెక్టు రిజిస్టరై ఉండాలి, ఆ నంబరు ప్రకటనలో కనబడాలి. మన ఊళ్లో ఐదు ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. స్థలం కూడా ఆ లోపే ఉంటే వాటికి రెరా ఉండదు, కాబట్టి ప్లాన్ అప్రూవల్ కాపీ మీరే అడిగి తీసుకోవాలి.

బడ్జెట్ వేసుకునేటప్పుడు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం పక్కన పెట్టుకోండి. మేము మొదట ఇది మరిచిపోయి యాప్‌లో బడ్జెట్ గీత పైకి పెట్టుకున్నాం.

ఎవరికి ఏది

ఊళ్లోనే ఉంటూ ఇండివిడ్యువల్ ఇల్లు కొనేవాళ్లు: ఒక నెల యాప్‌లలో ధరలు రాసుకోండి, తర్వాత ముగ్గురు బ్రోకర్లు, వాళ్ల స్టేటస్‌లు. వీడియోలు కళ్లకు సాధన. తొందర లేకపోతే వానాకాలం దాటేదాకా ఆగండి.

బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉండి ఫ్లాటు కొనేవాళ్లు: యాప్, రెరా సైట్, వీడియో కాల్. ఆ కాల్ పగలొకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి చేయించండి. పగలు కనబడని దోమలు, పార్కింగ్, పక్కవాళ్ల సందడి రాత్రి తెలుస్తాయి. టోకెన్ మాత్రం మీ మనిషి ఒకరు స్వయంగా చూసి వచ్చాకే.

పల్లెలో ఉన్న అమ్మానాన్నలను టౌనుకు తెచ్చి పెట్టుకోవాలనుకునేవాళ్లు: ఫోన్‌ను వాళ్ల చేతికే ఇవ్వండి. మా తమ్ముడు అమ్మ కోసం రామలింగాపురంలో రెండో అంతస్తు ఫ్లాటు చూశాడు. లిఫ్టు ఉంది, ఆసుపత్రి దగ్గర, గుడి దగ్గర, యాప్‌లో అన్నీ టిక్కులే. వీడియో కాల్‌లో హాలు, వంటగది, బాల్కనీ అన్నీ చూపించాక అమ్మ అడిగింది ఒక్కటే, 'వడియాలు ఎక్కడ పెట్టుకుంటార్రా?' బ్రోకరు ఫోన్ పట్టుకుని మిద్దె మెట్లెక్కాడు. పైన తలుపుకు తాళం ఉంది. తాళంచెవి బిల్డరు దగ్గర ఉందని, మిద్దె ఎవరికీ వాడుకోవడానికి ఇవ్వలేదని అప్పుడే తెలిసింది.